ముడుపు మూట మీద ఒట్టు

ఇంద్రేశం,
జూన్ మొదటి వారం.

చిరంజీవి నిషితకు, నోటితో మాట్లాడని మీ మేనమామ అంజయ్య చేత్తో రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నీ పుణ్యమా అని ఎక్కడికీ పోకుండానే క్షేమం.

నువ్వు పొద్దుమాపు ఫోన్ చేస్తున్నవని మీ అత్తమ్మ చెప్పింది. నేను ఎత్తను. శంషాబాద్‌లో సామాన్లు తిరిగే బెల్టు కాడ నిలబడి, ముడుపు మూట మీద చెయ్యి పెట్టి, ఇరవై రెండు మంది ముందు ఒట్టేసిన. నిషిత వచ్చి వీళ్ళందరి ముందు ‘నేను చేసింది తప్పే’ అనేదాక నోటితో మాట్లాడ అని. చేత్తో రాయనని ఒట్టు వెయ్యలేదు, అందుకే రాస్తున్న. వాట్సాప్‌లో ఎందుకు రాయలేదంటే అందులో కోపం సరిగ్గా ఆనదు.

నేనేం తక్కువ చేసిన బిడ్డా? ‘ఆడపిల్లకు మబ్బులల్ల ఏం పని’ అని మీ నాయన అడ్డం తిరిగినప్పుడు ఆయనకు అడ్డం తిరిగింది నేను. నీకు ఉద్యోగం వచ్చిన రోజు పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాక నేను చెప్పని మనిషి లేడు. తిరుపతి విమానం నువ్వే నడుపుతున్నవని తెలిసి, మన వాళ్ళందరినీ పోగు చేసి టికెట్లు తీసిన. ‘మా కోడలు నడుపుతది, మీరు గోవింద గోవింద అనుకుంట కూసోండ్రి’ అని ఒక్కొక్కరికి నేనే బెల్టు పెట్టించిన.

పైకి లేవంగనే మన పక్కింటి లింగం మొదలుపెట్టిండు. ‘అంజన్నా, మనూరి మీదికెల్లి పోతదంటివి గద, మన చెరువేది?’ అన్నడు. కింద ఏవో నీళ్ళు కనబడితే చూపించిన. అది ఎవరి చెరువో ఏమో, అందరూ చేతులు ఊపిండ్రు.

ఆ తర్వాత మబ్బు. విమానం దిగినట్టే దిగి, ఒక్కసారి ముక్కు ఎత్తి మళ్ళా పైకి లేచింది. గోవిందా అని అరిచినం. అది భక్తి కాదు, భయం. కొంచెంసేపు అక్కడక్కడే తిరిగినంక మీ కెప్టెన్ ఇంగ్లీషులో ఏదో చెప్పిండు. ఇరవై రెండు మంది నా దిక్కు చూసిండ్రు. పైలట్‌కు మామనై ఉండి తెలియదంటే పరువు ఏం కావాలె? ‘ఎడమ పక్క ఏడుకొండలు కనబడుతున్నయట, దండం పెట్టుకోండ్రి’ అన్న. ఎడమ పక్క మబ్బులు కూడా కొండల తీరుగానే ఉన్నయి. అందరూ పెట్టుకున్నరు. లింగం చెంపలు కూడా వేసుకున్నడు.

గోవిందా అనుకుంటనే దిగినం. సామాన్ల బెల్టు కాడికి వచ్చినంక, అక్కడి టాక్సీ కౌంటర్ చూసి లింగం అడిగిండు, ‘తిరుపతిల గూడ పటాన్‌చెరు టాక్సీలు ఉన్నయా అంజన్నా?’ అని. అప్పుడు నేను బోర్డు చూసిన.

పుండు మీద కారం ఏందంటే, మా వెనకనే వచ్చిన వేరే కంపెనీ విమానం తిరుపతిలో దిగిందట. లింగం అల్లుడు ఫోన్‌లో చూసి చెప్పిండు. వాళ్ళు దిగితే మీరెందుకు దిగలేదు? మా దర్శనం టైము పాయె. తిరుపతిలో గుండుతో పాటు తీయిస్తనని సంక్రాంతి నుంచి గడ్డం పెంచిన లింగం, ఆ గడ్డంతోనే ఇంటికొచ్చిండు. రోజూ మా వాకిట్లో నిలబడి దువ్వుతున్నడు.

ముడుపు మూట మళ్ళా దేవుని గూట్లోనే పెట్టిన. ఆ మొక్కు ఏందో నీకు చెప్పను. చెప్పే రోజు పోయింది.

ఇట్లు,
మాట్లాడని మామ.

బిడ్డా, కవరు అతికించమని నాకిచ్చిండు. అతికించే ముందు రెండు ముక్కలు. ఫోన్ ఎత్తడు గని, నువ్వు చేసినప్పుడల్లా వచ్చి నా పక్కన నిలబడి స్పీకర్ పెట్టమని సైగ చేస్తడు. తిండి మంచిగనే తింటున్నడు. – సుమిత్ర అత్తమ్మ.


బెంగళూరు,
జూన్ చివర.

మౌనవ్రతంలో ఉన్న మామకు, నీ మేనకోడలు నిషిత దండాలు.

నేను ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. పోస్టాఫీసు ఎక్కడని మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను అడిగితే, ‘ఏం పోయింది మేడం, ఆధార్ కార్డా?’ అన్నడు. మా మామ నోరు పోయింది అని చెప్పలేక ఊరుకున్న.

మామా, నువ్వు తిట్టినవన్నీ నెత్తిన పెట్టుకుంట. ఏడుకొండల సంగతి చదివి రాత్రి అన్నం తింటూ పొలమారింది. ఆ ఇంగ్లీషులో మా కెప్టెన్ రాజారావు గారు చెప్పింది, వాతావరణం బాగాలేదు, హైదరాబాద్ తిరిగిపోతున్నం అని. పక్కనోళ్ళను అడిగితే చెప్పేవాళ్ళు గద.

అసలు సంగతి చెప్త, విను. దిగేటప్పుడు వెయ్యి అడుగుల ఎత్తుకు వచ్చేసరికి మా వేగం, మా దారి, మేం దిగే తీరు అన్నీ కుదిరి ఉండాలె. ఏ ఒక్కటి కుదరకున్నా మళ్ళా పైకి పోవాలె. ‘ఇంకా కొంచెమే గద’ అనుకోవద్దు. ఆ రోజు గాలి ఒక్కసారి తిరగబడింది, వేగం కుదరలేదు. పైకి పోయినం. మబ్బు పోతదేమో అని కొంతసేపు చూసినం, పోలేదు. దగ్గర్లోని మద్రాసుల దిగుదమంటే అక్కడ కూడా అదే మబ్బు. బయలుదేరక ముందే, నేల మీద మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే మేం ఒక లెక్క అనుకుంటం. ఇంధనం ఇంతకు వస్తే ఇగ చూసేది లేదు, తిరుగుడే అని. అంతకు వచ్చింది, తిరిగినం.

వేరే విమానం దిగింది నిజమే. వాళ్ళు వచ్చినప్పుడు గాలి తగ్గి ఉంటది. పక్కింటోళ్ళు తిన్నరని మన ఇంట్లో పొయ్యి ఆర్పుకుంటమా? ఎవరి గాలి వాళ్ళది.

నువ్వు మీ వాల్వుల కంపెనీలో రిటైరయ్యేదాక గేటు కాడ బోర్డు మార్చినవ్, ‘ప్రమాదం లేని రోజులు’ అని. రోజూ పొద్దున అంకె మార్చి చాయ్ తాగేటోడివి. ఏమీ కాని రోజుకు నీకెవరన్నా దండ వేసిండ్రా? ఏమీ కాలేదని ఎవరన్నా తిట్టిండ్రా? నన్ను తిట్టిండ్రు. ఇరవై రెండు మంది.

మీ దర్శనం పోయినందుకు నాకు నిజంగా బాధ ఉంది. అది ఎంతమంది ముందైనా చెప్త. ‘తప్పే’ అని మాత్రం అనలేను మామా. రేపు అదే మబ్బు వస్తే నేను మళ్ళా తిరగాలె. తప్పని ఒప్పుకున్న పనిని మళ్ళా ఎట్ల చేస్త?

మొక్కు ఏందో చెప్పవా?

నీ
నిషిత.


ఇంద్రేశం,
జూలై.

చిరంజీవి నిషితకు, ఒక మెట్టు దిగిన మామ రాయునది.

నీ ఉత్తరం చదివిన. నా బోర్డు జోలికి రాకు. ఆ బోర్డు వేరు, విమానం వేరు.

ఇక్కడ నా పరిస్థితి చెప్తే రాళ్ళకు కూడా ఏడుపొస్తది. పటాన్‌చెరు పోదామని ఆటో ఆపితే ఆటో పిల్లగాడు, ‘అన్నా, పటాన్‌చెరు పోవాల్నా, ఎక్కిన కాడనే దింపాల్నా?’ అని అడుగుతున్నడు. చుట్టాల గ్రూపులో నా పేరు మార్చిండ్రు. ఏం పెట్టిండ్రో రాయను. ఆ గ్రూపు నుంచి బయటికొచ్చిన, మళ్ళా చేర్చిండ్రు, మళ్ళా బయటికొచ్చిన. లింగం గడ్డం గుండీల దాక వచ్చింది. మనూరి పంచాయితీలు తీర్చేటప్పుడు నేను ‘ఇట్ల చెయ్యుండ్రి’ అంటే, వెనక నుంచి ఎవడో ఒకడు ‘వెనక్కి తిప్పుతవా అన్నా’ అంటడు. పెద్దమనిషి అనిపించుకోవడానికి ముప్ఫై ఏండ్లు పట్టింది, పోవడానికి ఒక్క మబ్బు చాలింది.

అందుకే ఆలోచించి ఒక ఉపాయం చేసిన. తప్పు నీది కాదందాం. ఆ కెప్టెన్ రాజారావుది అందాం. పెద్ద సీటు ఆయనది, నిర్ణయం ఆయనది, నువ్వు పక్కన కూర్చున్నవ్. ‘నేను దించుదమనే అన్న, ఆయనే వినలేదు’ అని ఒక్క మాట అను. బోనాలకు వచ్చినప్పుడు అందరి ముందు అను. ఒట్టు తీరుతది, నీ మీద మచ్చ ఉండదు, నేను తల ఎత్తుకుంట. ఆయనకు నష్టం ఏం లేదు. మనూర్లో ఆయనకు చుట్టాలు కూడా లేరు, నేను కనుక్కున్న.

ఇంతకన్నా దిగుమంటే నా తోని కాదు.

ఇట్లు,
మామ.

బిడ్డా, ఈ ఉత్తరం చింపి చింపి మళ్ళా రాసిండు. చింపినవాటిల్లో ‘నీతోని మాట్లాడక పిచ్చి లేస్తుంది’ అని ఉండె. చివరికి మంచిగ ఎత్తి రాసేటప్పుడు అది తీసేసిండు. బోనాలకు రా, కోడి నేను చూసుకుంట. – అత్తమ్మ.


బెంగళూరు,
ఆగస్టు మొదట్లో.

గోడతో మాట్లాడే మామకు, నిషిత.

బోనాలకు వచ్చి ఉన్న రెండు రోజులు నువ్వు నాతో మాట్లాడలేదు. గోడతో మాట్లాడినవ్. ‘గోడా, ఆ పిల్లకు ఇంకో ముక్క వెయ్యమను.’ ‘గోడా, బస్సు టైము అయితున్నట్టుంది, గొడుగు పట్టుకపొమ్మను.’ అత్తమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. పోయేటప్పుడు నేను నీ కాళ్ళకు మొక్కితే, ఆశీర్వాదం కూడా గోడకే ఇచ్చినవ్. ఆ గోడ వెయ్యేండ్లు బతుకుతది.

అందరి ముందు నువ్వు చెప్పమన్న మాట నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అక్కడ నీకు చెప్పలేకపోయిన, ఇక్కడ రాస్తున్న.

పోయిన ఉత్తరంలో ‘పైకి పోయినం’, ‘తిరిగినం’ అని రాసిన. ఆ ‘మేము’ వెనక దాక్కున్న మామా. ఆ రోజు దించుతున్నది రాజారావు గారు. వేగం, ఎత్తు చూసి చెప్పేది నేను. వేగం కుదరలేదని చూసి ‘గో అరౌండ్’ అన్నది నేను. అంటే దిగుడు ఆపి మళ్ళా పైకి లేవమని. నేను ఆ మాట అనంగనే ఆయన విమానాన్ని పైకి లేపిండు. ఎందుకని అడగలేదు. ఆయనకు నా వయసంత అనుభవం ఉంది. అయినా మా పనిలో చిన్నోళ్ళు ‘వద్దు’ అంటే పెద్దోళ్ళు ముందు ఆగుతరు, తర్వాత మాట్లాడుకుంటరు. పెద్దా చిన్నా అనేది నేల మీదనే. అలుగుడు అయితే అసలే లేదు. కాక్‌పిట్‌లో ఇద్దరమే, అలిగితే మాట్లాడనీకి గోడ కూడా ఉండదు.

దిగినంక ఆయన తన డబ్బా తీసి పెరుగన్నం తింటూ, ‘మంచి పని చేసినవ్’ అన్నడు. ఆయన రోజుకు అన్ని మాటలు మాట్లాడుడే ఎక్కువ. అట్లాంటాయన మీద నేను అబద్ధం చెప్పాల్నా?

ఇంకొక మాట, నీకు తప్ప ఎవరికీ చెప్పను. ఆ వేరే విమానం దిగిందని తెలిసిన రోజు నాకూ అనిపించింది. దిగుతుంటిమేమో, ఏం కాకపోతుండెనేమో అని. ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తది. దిగి ఉంటే ఏమయ్యేదో నాకు ఎప్పటికీ తెలియదు. అది తెలియకుండనే బతకాలె. అట్లాంటి రోజు నీకు ఫోన్ చేస్తే ‘ఏం గాదు తియ్యి బిడ్డా’ అంటవ్, నాకు సరిపోతది. ఇప్పుడు ఆ మాట లేదు. నాకు ఏడుపొస్తుంది మామా, ఉత్తరంలో కాబట్టి రాస్తున్న.

కెప్టెన్ పరీక్షలకు నా పేరు పంపిండ్రు. అందులో అడుగుతరట, నువ్వు తీసుకున్న కష్టమైన నిర్ణయం ఒకటి చెప్పు అని. విమానం సంగతి చెప్పాల్నా, మామ సంగతి చెప్పాల్నా అని చూస్తున్న.

నీ
నిషిత.


ఇంద్రేశం,
వినాయక చవితి పోయినంక.

చిరంజీవి నిషితకు మామ రాయునది.

వానలు మంచిగ పడుతున్నయి. మేము క్షేమం.

నాకు తెలిసిన ఒకాయన ఉన్నడు. నేను కాదు. ఆయన ఒక పని సగంలో ఆపిండు. ఆపినంక ఏమీ కాలేదు. ఏమీ కానందుకే ఊరంతా ఆయనను తిడుతున్నది. ‘ఆపకున్నా ఏం కాకపోతుండె’ అంటున్నరు. అట్లాంటాయనకు అన్నం ఎట్ల సయిస్తది? మీ కంపెనీలో దీనికి ఏమన్న చెప్తరా? తిరుగు టపాలో రాయి. ఆయన అడుగుతున్నడు, నాకైతే అవసరం లేదు.

ఇట్లు,
మామ.

బిడ్డా, ఆ తెలిసినాయన ఎవరో నీకు అర్థమయ్యే ఉంటది. కాగితం చాలదని వెనక్కి తిప్పి రాస్తున్న, మొత్తం విను.

ఈసారి గణపతి కమిటీకి మీ మామనే అధ్యక్షుడు. పోయిన పరువు గణపతితోని తెద్దామని, కిష్టారెడ్డిపేట అపార్ట్‌మెంట్లోళ్ళ కన్నా ఎత్తు ఉండాలెనని పట్టుబట్టి పెద్ద విగ్రహం తెచ్చిండు. నిమజ్జనం రోజు మధ్యాహ్నం తాజ్ మొహమ్మద్ ట్రాక్టర్ మీద ఎక్కించిండ్రు. నీకు తెలుసు గద, దారిలో కరెంటు తీగలు అడ్డమొస్తే పైన కూర్చున్నోళ్ళు కట్టెతో లేపి పట్టుకుంటే గణపతి కింద నుంచి పోతడు. ఏటా అంతే. ఆ పనికి లింగమన్న పెట్టింది పేరు. గణపతి చెవి పక్కన ఎక్కి, వెదురు బొంగు పట్టుకుని, ఆ గడ్డంతోని కూర్చుంటే సగం మంది గణపతికి, సగం మంది ఆయనకు దండం పెట్టిండ్రు.

కొత్త వెంచర్ మూల మీదికి వచ్చేసరికి తుంపర మొదలైంది. అక్కడ తీగలు వేలాడుతున్నయి. మాకంటే ముందు అపార్ట్‌మెంట్లోళ్ళ గణపతి ఆ తీగల కిందికెల్లే పోయింది. వాళ్ళు కూడా అట్లనే కట్టెతో లేపిండ్రు. మీ మామ బండి ముందట నిలబడి పైకి చూసిండు. లింగమన్న బొంగు లేపిండు. బొంగు మీది నీళ్ళు ధార కట్టి ఆయన గడ్డంలోకి కారుతున్నయి. మీ మామ అదే చూస్తున్నడు. నేను ఆయన మొహం చూస్తున్న. అంత మంది ఆడుతుంటే, బ్యాండు కొడుతుంటే, ఆ మనిషి ఒక్కడే కదలకుండ నిలబడ్డడు.

‘తాజ్, ఆపు’ అన్నడు.

లింగమన్న పైనుంచి అరిచిండు, ‘ఏందన్నా, ఇప్పుడే వాళ్ళది పోలే? వాళ్ళది పొయినంక మనది పోదా? పోనియ్ తాజ్!’

మీ మామ ఏమన్నడో తెలుసా? ‘వాళ్ళ గాలి వాళ్ళదిరా లింగం. కట్టె తడిసింది, కిందికి దిగు’ అన్నడు. ఆ గాలి ఏందో అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. నాకైంది.

తాజ్ ఇంజిన్ బంద్ చేసి, ‘అంజన్న బోల్‌దియేతో బస్, హిలాతా నై’ అన్నడు, అంజన్న చెప్పిండంటే ఇగ బండి కదిలించనని. కరెంటాఫీసుకు ఫోన్ చేస్తే లైన్‌మన్లు అందరూ పటాన్‌చెరు ఊరేగింపు కాడ ఉన్నరు, రేపు పొద్దున్నే వస్తమన్నరు. ఇగ గణపతిని వెనక్కి తిప్పిండు బిడ్డా. ఉద్వాసన చెప్పి సాగనంపిన దేవుడు మళ్ళా మండపానికి వచ్చిండు. ఊరంతా నెత్తి నోరు కొట్టుకున్నది. ‘మనుషులనే ఎక్కిన కాడ దింపుతుండె, ఇప్పుడు దేవుని గూడ దింపిండు’ అన్నరు. వచ్చిన దేవునికి నైవేద్యం పెట్టాలె గద, నేను మళ్ళా కుడుములు చేసిన. పొద్దున లైన్‌మన్లు కరెంటు తీసి తీగలు లేపితే గణపతి సల్లగ చెరువుకు పోయిండు.

ఇప్పుడు అసలు ముచ్చట. లింగమన్న ట్రాక్టర్ బానెట్ మీద చెయ్యి పెట్టి ఒట్టేసిండు. అంజయ్య అందరి ముందు తప్పు ఒప్పుకునేదాక నోటితో మాట్లాడడట. నిన్న మా ఇంటికి ఆయన కాడి నుంచి ఉత్తరం వచ్చింది. గోడ అవతల ఉంటడు, పటాన్‌చెరు పోయి పోస్టులో వేసిండు. – అత్తమ్మ.


బెంగళూరు,
అక్టోబర్.

మామకూ, మామకు తెలిసిన ఆ ఒకాయనకూ, నిషిత దండాలు.

ఆయన అడిగినదానికి మా కంపెనీలో జవాబు లేదు మామా. పరీక్షలో నన్ను కూడా ఇదే అడిగిండ్రు. ‘నీ నిర్ణయం సరైందని నీకెట్ల తెలుసు’ అన్నరు. తెలియదు సార్ అన్న. నాకు ఆ నిమిషంలో కనబడిన దాన్ని బట్టి చేసిన, తర్వాత కనబడిన దాన్ని బట్టి కాదు అన్న. ఎంత గొప్పగ చెప్పిననో అనుకున్న. వాళ్ళు తర్వాతి ప్రశ్న అడిగిండ్రు. కాబట్టి ఆయనను పరేషాన్ కావద్దను, అన్నం వేడివేడిగ తినమను.

ఇంకొకటి కూడా చెప్పు. అంత మంది ఆడుతుంటే, వెనక నుంచి పోనియ్ పోనియ్ అని అరుస్తుంటే, కాలు నేల మీద పెట్టి ‘ఆపు’ అనడం మా సీట్లో కూర్చుని అనేదానికన్నా కష్టం. మాకు బ్యాండు ఉండదు. మా వెనక తలుపు వేసి ఉంటది. ఆయన ముందట తలుపు కూడా లేదు. అత్తమ్మ ఉత్తరం చదివి నేను గట్టిగ ఏడ్చిన, తర్వాత గట్టిగ నవ్విన. మా పక్క ఫ్లాటామె వచ్చి ఏమైందని అడిగింది. మా మామ గణపతిని గో అరౌండ్ చేసిండు అని చెప్పిన. ఆమెకు ఏం అర్థమైందో.

ఇప్పుడు నేను ఒకటి అడుగుత, ఆయనను అడిగి చెప్పు. లింగం మామ ముందు ‘తప్పయింది’ అని ఒక్క మాట అంటే గొడవ ఒడుస్తది గద. ఒక్క మాటనే. పోయేదేం లేదు. ఆయన అంటడా? లేకుంటే తాజ్ మొహమ్మద్ మీద పెడుదమా? బండి నడిపింది ఆయననే గద.

పరీక్ష పాసైన. ఇంకా కొంత శిక్షణ ఉంది, అయినంక ఎడమ పక్క కెప్టెన్ సీటు నాది. కొత్త సంవత్సరంలో కెప్టెన్‌గా నా మొదటి విమానం హైదరాబాద్ నుంచి తిరుపతికి వచ్చేటట్టుంది. ఈ కబురు మొదట నీకు ఫోన్‌లో చెప్పాలెనని మస్తు అనుకున్న. రింగయింది, అత్తమ్మ ఎత్తింది, స్పీకర్ పెట్టింది. నువ్వు పక్కననే ఉన్నవని తెలుసు, నీ దగ్గు నాకు తెలియదా? చెప్పబోయి ఆగిన. గోడకు చెప్పినట్టు ఉండొద్దనిపించింది.

ఆ మొక్కు ఏందో అత్తమ్మను కూడా అడిగిన. ‘అది మీ మామనే చెప్పాలె’ అన్నది.

నీ
నిషిత.


ఇంద్రేశం,
డిసెంబర్.

చిరంజీవి కెప్టెన్ నిషితకు మీ మామ అంజయ్య రాయునది.

ఈ ఉత్తరం నేనే అతికిస్తున్న. మీ అత్తమ్మ చేతికి ఇవ్వను. ఆమె నా పరువు మీదికెల్లే ఇన్ని రోజులు ఉత్తరాలు రాసింది.

నువ్వు అడిగినదానికి జవాబు. ఆయన అనడు. లింగం ముందే కాదు, బ్రహ్మదేవుడు వచ్చినా అనడు. వచ్చే ఏడు మళ్ళా తుంపర పడి కట్టె తడిస్తే, మళ్ళా ఆపుతడు. తప్పు అని ఒప్పుకుంటే ఆ రోజు ఏ మొహంతో ఆపుతడు? తాజ్ మీద కూడా పెట్టడు. ఇది రాసి, పెన్ను కింద పెట్టిన బిడ్డా. నీ జూన్ ఉత్తరం తీసి మళ్ళా చదివిన. మాటకు మాట అదే ఉంది. నీది చదువుకున్న రాత, నాది కోడిగీతలు, అంతే తేడా. అత్తమ్మను పిలిచి చూపించిన. ‘బిడ్డది తప్పు కాదని నాకు బోనాలప్పుడే తెలుసు’ అన్నది. ఆమెకు అన్నీ ముందే తెలుసు, కుడుములు మళ్ళా చెయ్యాలెనన్నది తప్ప.

లింగం నాకు మూడో ఉత్తరం వేసిండు. అందులో తిట్లు తక్కువ, గడ్డం దురద గురించి ఎక్కువ ఉంది. నేను గోడ మీద నుంచి తొంగి చూసి, ‘జనవరిల తిరుపతి పోతున్నం, వస్తవా లేదా, గడ్డం తోని చస్తవా?’ అని అడిగిన. వాడు నాతో మాట్లాడొద్దు గద, వాళ్ళ బర్రెతో అన్నడు, ‘వస్తనని చెప్పవే.’ చూసినవా, ఊరంతా నా పద్ధతే నేర్చింది.

ఆ ఇరవై రెండు మందికీ మళ్ళా టికెట్లు తీసిన. నీ విమానమే. ఈసారి దర్శనం మాత్రం మరునాటికి తీసుకున్న. చేతిలో ఒక రోజు ఉంటే ఎవరికీ తొందర ఉండదు, నీకు కూడా వెనక నుంచి పోనియ్ పోనియ్ అనేటోళ్ళు ఉండరు. పులిహోర పోయేటప్పటికి ఒక మూట, ఒకవేళ తిరిగొస్తే శంషాబాద్‌లో తిననీకి ఇంకో మూట కట్టియ్యమని అత్తమ్మకు చెప్పిన. అందరినీ కూర్చోబెట్టి చెప్పిన, ‘ఇంగ్లీషుల ఏమన్న చెప్తే నన్ను అడుగకుండ్రి, పక్కనోళ్ళను అడుగుండ్రి’ అని.

ఇగ ఒట్టు సంగతి. చేసిన ఒట్టు తీసి గట్టు మీద పెట్టాలెనంటరు. పొద్దున ముడుపు మూట పట్టుకుని చెరువు గట్టు మీదికి పోయిన. ఇప్పుడు అక్కడ గట్టు తక్కువ, ప్లాట్ల రాళ్ళు ఎక్కువ. వెతికి వెతికి కొంచెం మట్టి కనబడ్డ కాడ మూట పెట్టి, ‘ఒట్టు ఇక్కడ పెట్టిన స్వామీ, ముడుపు మాత్రం తీసుకపోతున్న’ అని చెప్పి వచ్చిన. అది ఎవరి ప్లాటో ఏమో. కొన్నాయనకు నా ఒట్టు ఉచితం.

కాబట్టి విమానం ఎక్కేటప్పుడు తలుపు కాడ నిలబడు. ఇరవై రెండు మంది ముందు నోరు నేనే తెరుస్త. ఏం మాట్లాడాలెనో ఇంకా తెల్వదు. ఇన్ని నెలలు కూడబెట్టిన, ఒక్కసారి అన్నీ వస్తయేమో అని భయం. ఏడిస్తే పరువు తియ్యకు, లోపలికి పోయి నీ సీట్లో కూర్చో.

మొక్కు ఏందని అడుగుతనే ఉన్నవ్. నువ్వు మొదటిసారి ఒంటరిగ విమానం లేపిన రోజు, ఇక్కడ నాకు కాలు నిలవలేదు. పసుపు బట్టలో ముడుపు కట్టి మొక్కిన. ‘స్వామీ, మా నిషిత ఎక్కిన విమానం ప్రతిసారి క్షేమంగ దిగాలె. దిగితే నీ కొండకొచ్చి ముడుపు చెల్లిస్త’ అని. ఆ చెల్లించనీకి పోయే రోజే నువ్వు వెనక్కి తిప్పినవ్. దేవుడు నా మొక్కు వినలేదని, నీ మీద కోపంతోని ఆ మూట మీదనే చెయ్యి పెట్టి ఒట్టేసిన.

పొద్దున గట్టు మీద కూర్చున్నప్పుడు అర్థమైంది. స్వామి నేను అడిగింది అడిగినట్టే ఇచ్చిండు. విమానం క్షేమంగ దిగాలెనన్న. ఏ ఊర్లె దిగాలెనో నేను చెప్పలేదు.

ఇట్లు,
మాట్లాడబోయే మామ.